జెవోదాన్ మృగం: పాతికేళ్ల నాటి ఒక ఫ్రెంచ్ సినిమాపై మోజు ఎందుకు తగ్గలేదు?

క్లుప్తంగా: 2001లో వచ్చిన 'బ్రదర్‌హుడ్ ఆఫ్ ద వుల్ఫ్' చరిత్ర, దర్యాప్తు, కుంగ్‌ఫూ, భయం కలగలిసిన సినిమా. దానికి దక్కిన అభిమానంలో సగం భాగం 18వ శతాబ్దపు ఒక అసలు కేసుది. ఆ కేసు కాగితాల్లో మిగిలిన ఖాళీని సినిమా తెలివిగా వాడుకుంది. ఫ్రెంచ్ నిర్మాణ వ్యవస్థ, హాంకాంగ్ పనితనం కలిసిన ఆ ఫార్ములాను మళ్లీ అదే స్థాయిలో నిలబెట్టడం తర్వాతివాళ్లకు కుదరలేదు.

2001 జనవరి 31న ఫ్రాన్స్‌లో విడుదలైన ఈ సినిమా అసలు పేరు 'లె పాక్ట్ దె లూ'. దర్శకుడు క్రిస్టోఫ్ గాన్స్. స్వదేశంలో 50 లక్షలకు పైగా టికెట్లు తెగాయి. మరుసటి ఏడాది జనవరిలో యూనివర్సల్ సంస్థ అమెరికాలో విడుదల చేస్తే అక్కడ కోటి డాలర్లకు పైగా వసూలు చేసింది. సబ్‌టైటిల్స్ చదవడానికి అమెరికన్ ప్రేక్షకులు ఎంత బద్ధకిస్తారో తెలిసినవారికి అది చిన్న అంకె కాదు. 2022లో 4కె నాణ్యతతో పునరుద్ధరించిన ప్రతి బయటికొచ్చాక, సినిమా వచ్చే నాటికి పుట్టని తరం కూడా దీన్ని చూస్తోంది.

కొత్తగా చూసేవారికి మొదట వచ్చే సందేహం: ఇది జరిగిన కథా, కల్పనా? నిడివి దాదాపు రెండున్నర గంటలు. మొదటి గంటలో పీరియడ్ డ్రామాలా, తర్వాత డిటెక్టివ్ కథలా, చివర్లో కత్తుల యుద్ధంలా మారుతుంది. మధ్యలో చర్చి గూఢచారులు, రహస్య ముఠా, అమెరికా ఖండం నుంచి వచ్చిన మాని అనే ఇరొక్వా ఆదివాసీ యోధుడు. ఇన్ని రుచులు ఒకే విస్తట్లో పడితే సాధారణంగా ఏదీ మిగలదు. ఇక్కడ ఎందుకు మిగిలిందో తెలియాలంటే ముందు అసలు కేసు చూడాలి. (కథలోని మలుపులు ఈ వ్యాసంలో బయటపడతాయి. సినిమా చూడనివారు గమనించాలి.)

మూడేళ్ల భయం

జెవోదాన్ అనేది దక్షిణ ఫ్రాన్స్‌లోని ఒక కొండ ప్రాంతం. ఇప్పటి లోజెర్ జిల్లా చాలావరకు అదే. చలి ఎక్కువ, పంట తక్కువ, పశువులే ఆధారం. 1764 జూన్ 30న లాంగోన్ దగ్గర పశువులు కాస్తున్న జాన్ బూలే అనే పద్నాలుగేళ్ల అమ్మాయిని ఏదో జంతువు చంపింది. నమోదైన మరణాల్లో అది మొదటిది. ఆ తర్వాత మూడేళ్లలో సుమారు 100 మంది చనిపోయారని సాధారణంగా చెబుతారు. ఏ కాగితాలను లెక్కలోకి తీసుకుంటారన్న దాన్నిబట్టి ఆ సంఖ్య కొంత పెరుగుతుంది, కొంత తగ్గుతుంది. చనిపోయినవారిలో ఎక్కువమంది పిల్లలు, ఆడవాళ్లు. అందులో మిస్టరీ ఏమీ లేదు. ఊరికి దూరంగా, ఒంటరిగా, తుపాకీ లేకుండా పశువుల వెంట తిరిగేది వాళ్లే.

ప్రభుత్వం చేతులు కట్టుకుని కూర్చోలేదు. ముందు దుహామెల్ అనే కెప్టెన్ అశ్వికదళంతో వచ్చాడు. మృగాన్ని రప్పించడానికి తన సైనికులకు ఆడవాళ్ల బట్టలు వేయించాడని చెబుతారు. సినిమా మొదట్లోనే, వాన కురుస్తుండగా ఆడవేషంలో ఉన్న సైనికులు ఒక ముసలాయన్ని కొడుతుంటారు. చూసేవారికి అది దర్శకుడి పైత్యం అనిపిస్తుంది. కానీ దాని మూలం అప్పటి వేట కథనాల్లోనే ఉంది. దుహామెల్ వల్ల కాకపోవడంతో నార్మండీ నుంచి పేరున్న తోడేళ్ల వేటగాళ్లు, తండ్రీకొడుకులు, దిగారు. వాళ్లూ ఓడారు. చివరికి 15వ లూయీ రాజు తన సొంత తుపాకుల అధికారి ఫ్రాంస్వా ఆంత్వాన్‌ను పంపాడు. 1765 సెప్టెంబరులో ఆయన ఒక పెద్ద తోడేలును కాల్చి, దాన్ని గడ్డితో కూరించి వెర్సాయ్ రాజభవనానికి పంపాడు. రాజు దృష్టిలో కేసు ముగిసింది. బహుమతులు కూడా అందాయి.

డిసెంబరులో దాడులు మళ్లీ మొదలయ్యాయి. ఈసారి వెర్సాయ్ పట్టించుకోలేదు. మరో ఏడాదిన్నర పాటు కొండ ఊళ్లు తమ తిప్పలు తామే పడ్డాయి. 1767 జూన్ 19న, స్థానిక జమీందారు అయిన మార్కీ దాప్షే ఏర్పాటు చేసిన వేటలో, జాన్ షాస్తెల్ అనే స్థానికుడు ఒక జంతువును చంపాడు. దాంతో దాడులు ఆగిపోయాయి. ఒక నోటరీ ఆ కళేబరం కొలతలు రాశాడు. ఆ నివేదిక ఇప్పటికీ ఉంది. కళేబరం మాత్రం లేదు. వేసవి ఎండల్లో రాజు దగ్గరికి ప్రయాణం చేసేసరికి కుళ్లిపోయి, దాచడానికి పనికిరాకుండా పోయింది.

కథ మొత్తానికి ఇరుసు ఇదే. ఒక కళేబరాన్ని రాజ్యం అంగీకరించింది, దాడులు మాత్రం ఆగలేదు. రెండోదాన్ని చంపాక దాడులు ఆగాయి, దాన్ని మాత్రం ఎవరూ దాచలేకపోయారు. ఒకటికి మించి మనుషులకు అలవాటుపడిన తోడేళ్లు ఉండి ఉంటాయన్నది ఇప్పుడు చరిత్రకారుల్లో బలంగా వినిపించే అభిప్రాయం. తోడేలుకూ కుక్కకూ పుట్టిన జంతువని, ఎవరో పెంచి తప్పించుకున్న హైనా అని, సింహమని వాదించేవారూ ఉన్నారు. షాస్తెల్ వెండి తూటాతో చంపాడన్న ప్రసిద్ధ కథ తర్వాతి కాలంలో చేరింది. అంటే ఈ కేసుకు ఫాంటసీ పూత వేసింది సినిమావాళ్లు కాదు. వాళ్లకు చాలా ముందే అది మొదలైంది.

పత్రికలు పెంచిన మృగం

ఫ్రాన్స్‌లో మనుషుల మీద తోడేళ్ల దాడులు ఆ రోజుల్లో కొత్తవి కావు. మరి ఇదొక్కటే యూరప్ అంతా ఎందుకు మారుమోగింది? మొదటి కారణం కాలం. 1763లో, ఫ్రాన్స్ బ్రిటన్ చేతిలో ఓడిన సప్తవర్ష యుద్ధం ముగిసింది. యుద్ధవార్తలతో నిండే పత్రికలకు ఒక్కసారిగా సరుకు కరువైంది. 'కూరియే దావిన్యోన్' అనే పత్రిక ఈ మృగం వార్తలను సీరియల్‌లా నడిపింది. అవిన్యోన్ అప్పట్లో పోప్ ఏలుబడిలో ఉండేది కాబట్టి ఫ్రెంచ్ రాజు సెన్సార్ దానిమీద నేరుగా పనిచేసేది కాదు. చారల ఒళ్లు, మండే కళ్లు, తూటాలకు చావని చర్మం ఉన్న జంతువు బొమ్మలు అచ్చయి ఊరూరా అమ్ముడయ్యాయి.

మతం కూడా తన వంతు చేసింది. మృగం దేవుడు పంపిన శిక్ష అని ఆ ప్రాంతపు మాండ్ పట్టణ బిషప్ 1764 చివర్లో ఒక ఆదేశపత్రం చదివించాడు. రాజధానిలో ఇది హేతువాదం వికసిస్తున్న శతాబ్దం, అదే దేశంలో కొండల మీద పాపప్రక్షాళన ప్రార్థనలు. పైగా యుద్ధంలో ఓడి, కెనడాను వదులుకున్న రాజు ఒక జంతువును కూడా పట్టలేకపోతున్నాడని విదేశీ పత్రికలు ఎగతాళి చేశాయి. రాజు తన మనిషిని పంపడానికి ప్రజల ప్రాణాలెంత కారణమో, పరువు పోతుందన్న టెన్షన్ కూడా అంతే కారణం.

సినిమా ఎక్కడ చేయి పెట్టింది

స్క్రిప్ట్ రాసిన స్టెఫాన్ కాబెల్, గాన్స్ ఈ కేసు తేదీలను పెద్దగా కదపలేదు. వాటి మధ్య సందుల్లోకి దూరారు. కథానాయకుడు గ్రెగ్వార్ ద ఫ్రోన్సాక్ కల్పిత పాత్ర. ప్యారిస్ రాజోద్యానం నుంచి వచ్చిన ప్రకృతి శాస్త్రవేత్త. మృగాన్ని నమ్మడు, కొలతలను నమ్ముతాడు. పెద్దల విందులో బొచ్చున్న చేపను చూపించి, అందరూ నోరెళ్లబెట్టాక అది తాను కుట్టిన బూటకమని చెబుతాడు. ఆ ఒక్క సన్నివేశంతో సినిమా తన పద్ధతిని ముందే ఒప్పుకుంటుంది. వింతను చూపిస్తుంది, ఆ వెంటనే దాని కుట్లు కూడా చూపిస్తుంది.

తర్వాత అదే ఫ్రోన్సాక్ చేత, రాజు మనిషి ఒక మామూలు తోడేలును భయంకర మృగంగా కుట్టించి వెర్సాయ్‌కి పంపుతాడు. చరిత్రలో ఆంత్వాన్ పంపిన తోడేలు బూటకమని ఎవరూ నిరూపించలేదు. అయితే దాన్ని పంపాక కూడా చావులు ఆగలేదన్నది నిజం. ఆ ఖాళీలోనే కల్పన వచ్చి కూర్చుంది. కథ చెప్పే ముసలి మార్కీ కూడా కాగితాల్లో ఉన్న దాప్షేయే. ఫ్రెంచ్ విప్లవం గుమ్మందాకా వచ్చిన రాత్రి అతను ఈ జ్ఞాపకాలు రాస్తుంటాడు.

ఫాంటసీ అని పేరుపడిన ఈ సినిమాలో, నిదానంగా చూస్తే, అతీంద్రియమైనది చాలా తక్కువ. మృగం దెయ్యం కాదు. ఆఫ్రికా నుంచి తెచ్చి, ఇనుప కవచం తొడిగి, చంపడానికి శిక్షణ ఇచ్చిన జంతువు. నడిపించేది మనుషులే. రాజు మీద, కొత్త ఆలోచనల మీద కోపమున్న ఒక మతోన్మాద ముఠా భయాన్ని ఆయుధంగా వాడుతుంది. 1764లో పత్రికలు, బిషప్ కలిసి తెలియకుండా చేసిన పనిని సినిమాలో ముఠా తెలిసి చేస్తుంది. ఇందులో పోలిక బలంగా ఉంది. ఆ రహస్య ముఠా ఏ కాగితంలోనూ లేదని మాత్రం ప్రేక్షకుడు గుర్తుంచుకోవాలి.

హాంకాంగ్ చేయి

గాన్స్ దర్శకుడు కాకముందు సినిమా పత్రికవాడు. 1983లో మొదలైన 'స్టార్‌ఫిక్స్' పత్రిక వ్యవస్థాపకుల్లో ఒకరు. ఫ్రెంచ్ విమర్శకులు పక్కన పెట్టే హారర్, కరాటే సినిమాలను ఆ పత్రిక నెత్తిన పెట్టుకుంది. జెవోదాన్ కథ చేతికొచ్చినప్పుడు ఆయన హాంకాంగ్ నుంచి మనుషులను రప్పించాడు. ఫైట్లు కూర్చింది ఫిలిప్ క్వోక్. 1970లలో హాంకాంగ్ స్టూడియో షా బ్రదర్స్ సినిమాల్లో ఎగిరి తన్నిన నటుడు. ఎడిటర్లలో ఒకరైన డేవిడ్ వూ, జాన్ వూ యాక్షన్ సినిమాలకు కత్తెర పట్టినవాడు. మృగాన్ని జిమ్ హెన్సన్ క్రియేచర్ షాప్ తయారు చేసింది. కెమెరా డెన్మార్క్‌కు చెందిన డాన్ లాస్ట్‌సెన్‌ది, సంగీతం అమెరికన్ జోసెఫ్ లోడూకాది. ఫ్రెంచ్ చరిత్రను తెరకెక్కించిన ఈ బృందంలో ఫ్రెంచ్‌వాళ్లు కానివారు ఇంతమంది ఉన్నారు.

ఫలితం ఫైట్లలో కనిపిస్తుంది. ఫ్రాన్స్‌లో కత్తియుద్ధ సినిమాలకు పాత సంప్రదాయం ఉంది. 1950లలో జాన్ మారే లాంటి హీరోలతో అవి ఇళ్లకు ఇళ్లను థియేటర్లకు రప్పించాయి. వాటిలో కత్తి ఒక హోదా. మాటకూ కత్తికీ ఒకే లయ ఉంటుంది. గాన్స్ ఆ దుస్తులు, ఆ కోటలు ఉంచి లయ మార్చాడు. మార్క్ డకాస్కోస్ వేసిన మాని పాత్ర మూడంచుల టోపీ పెట్టుకుని, బురదలో, మాట లేకుండా, మోకాలితో మోచేతితో కొడుతుంది. వాన చుక్క ఆగినట్టు స్లోమోషన్, ఆ వెంటనే కట్. 1999లో 'మేట్రిక్స్', 2000లో 'క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్' ఈ భాషను ప్రపంచానికి అలవాటు చేసి ఉంచాయి. కాబట్టి 2001 నాటి ప్రేక్షకుడికి అది అర్థం కానిది కాదు. పౌడరు విగ్గుల మధ్య చూడటమే కొత్త.

ఇరొక్వా మనిషికి కుంగ్‌ఫూ ఎలా వచ్చిందన్న ప్రశ్నకు సినిమాలో జవాబు లేదు. అభిమానులు దాన్ని పట్టించుకోరు. పట్టించుకోవాల్సిన విషయం ఇంకొకటుంది. మాని రాక చరిత్రతో సరిగ్గా కలుస్తుంది. ఫ్రోన్సాక్, మాని ఇద్దరూ కెనడా యుద్ధం నుంచి వచ్చినవాళ్లు. పోగొట్టుకున్న సామ్రాజ్యం నుంచి ఓటమితో తిరిగొచ్చిన జంట. కానీ సినిమా మానిని చెట్లతో, తోడేళ్లతో మాట్లాడే జ్ఞానిగా, చివరికి తెల్ల హీరోలో పగ రగిలించడానికి చచ్చిపోయే స్నేహితుడిగా వాడుకుని వదిలేసింది. ఈ పాత మూసను ఇప్పటి ప్రేక్షకులు అప్పటికన్నా త్వరగా గుర్తిస్తున్నారు. అలాగే మృగం కంప్యూటర్ బొమ్మ పాతబడిపోయింది. అది తెరమీద పూర్తిగా కనబడని మొదటి సగమే ఇప్పటికీ భయపెట్టేది. చివరి అరగంటలో మలుపు మీద మలుపు పడి కథ బరువు పలచబడుతుంది. వెన్సాన్ కాసెల్, మోనికా బెలూచీల తెర సొగసు ఆ భాగాన్ని చాలావరకు మోసింది. దుస్తులకు డొమినిక్ బోర్గ్ ఫ్రెంచ్ సినిమా పురస్కారమైన సీజర్ అవార్డు అందుకోవడం న్యాయమే.

ఇంత డబ్బు ఎవరు పెట్టారు?

బడ్జెట్ సుమారు 3 కోట్ల డాలర్లు. ఫ్రెంచ్ భాషలో, స్టార్ దర్శకుడు కాని వ్యక్తికి, అది పెద్ద మొత్తం. అది పుట్టిన తీరు తెలిస్తే ఆ ఏడాది మొత్తం అర్థమవుతుంది. ఫ్రాన్స్‌లో ప్రతి సినిమా టికెట్ మీద దాదాపు 11 శాతం ప్రత్యేక పన్ను ఉంటుంది. 1946లో ఏర్పడిన జాతీయ సినిమా కేంద్రం దాన్ని సేకరించి దేశీయ నిర్మాణానికి మళ్లిస్తుంది. హాలీవుడ్ సినిమా టికెట్ మీద కూడా పన్ను పడుతుంది కాబట్టి, హాలీవుడ్ ఎంత ఆడితే ఫ్రెంచ్ సినిమాకు అంత నిధి. దీనికి తోడు టీవీ ఛానెళ్లు తమ ఆదాయంలో కొంత సినిమాల మీద పెట్టి తీరాలి. 1984లో మొదలైన కెనాల్ ప్లస్ వీటిలో అతిపెద్ద పెట్టుబడిదారు. ఈ సినిమా వెనక ఉన్న స్టూడియోకెనాల్ దాని సంస్థే.

ఈ వ్యవస్థ అప్పటిదాకా ఎక్కువగా కామెడీలను, కుటుంబ కథలను, కళాత్మక చిత్రాలను మోసింది. 2000 ప్రాంతంలో నిర్మాతలు వేరే లెక్క వేశారు. కుర్రకారు హాలీవుడ్‌కే వెళ్తుంటే, అదే వేగంతో మన కథలు ఎందుకు తీయకూడదు? 'క్రిమ్సన్ రివర్స్', 'విడోక్', 'బెల్ఫెగోర్' ఆ లెక్కలోంచి పుట్టినవే. 2001లో 'అమేలీ' కూడా కలవడంతో ఫ్రాన్స్‌లో అమ్ముడైన టికెట్లలో 40 శాతానికి పైగా దేశీయ చిత్రాలవే అయ్యాయి. గాన్స్ సినిమా ఆ కెరటం మొదట్లో వచ్చింది.

ఇంకో సందర్భం కూడా కలిసింది. 1930ల నాటికి ఫ్రాన్స్‌లో తోడేళ్లు దాదాపు అంతరించాయి. 1992లో ఇటలీ వైపు నుంచి వచ్చిన తోడేళ్లు ఆల్ప్స్‌లోని మెర్కాంతూర్ పార్కులో కనిపించాయి. సినిమా వచ్చేనాటికి గొర్రెల కాపరులకూ పర్యావరణవాదులకూ గొడవ నడుస్తోంది. అలాంటి సమయంలో, తోడేలు నిర్దోషి, దోషి మనిషే అని చెప్పే భారీ చిత్రం రావడం యాదృచ్ఛికమే కావచ్చు, కానీ చర్చకు అది బాగా పనికొచ్చింది.

తెలుగు ప్రేక్షకుడికి తెలిసిన పద్ధతే

జానపద చిత్రాలు చూసి పెరిగిన తెలుగువారికి కత్తి, మాయ, కుట్ర ఒకే కథలో ఉండటం వింత కాదు. అయితే విఠలాచార్య సినిమా ఏ రాజ్యంలో, ఏ ఏడాదిలో జరిగిందని ఎవరూ అడగరు. గాన్స్ సినిమాకు తారీఖు, జిల్లా ఉన్నాయి. దీనికి దగ్గరి పోలిక 2022 నాటి 'ఆర్ఆర్ఆర్'. అల్లూరి సీతారామరాజు, కొమరం భీం నిజంగా కలుసుకోలేదు. ఇద్దరి జీవితాల్లోనూ ఆధారాలు దొరకని కొన్నేళ్లు ఉన్నాయి కాబట్టి అక్కడ కల్పనకు చోటు దొరికింది. తేడా ఏమిటంటే, మనకు ఆ ఇద్దరూ ఆరాధ్యులు కాబట్టి కల్పన వాళ్లను మరింత పైకి ఎత్తాలి. జెవోదాన్‌లో అలా మోయాల్సిన మహనీయుడెవరూ లేడు. అందుకే ఫ్రెంచ్ రచయితలు రాజును, చర్చిని, జమీందార్లను అందరినీ అనుమానితులుగా నిలబెట్టగలిగారు.

మరి పరంపర ఎందుకు కాలేదు?

50 లక్షల టికెట్లు తెగిన సినిమాకు అనుకరణలు వరద కట్టాలి. అలా జరగలేదు. అదే ఏడాది వచ్చిన 'విడోక్' కూడా నిజంగా బతికిన డిటెక్టివ్‌ను తీసుకుని, అద్దపు ముసుగు వేసుకున్న హంతకుడిని ఎదురు నిలిపింది. పూర్తిగా డిజిటల్ కెమెరాతో తీసిన తొలి భారీ చిత్రాల్లో అదొకటి. కానీ అందులోని ప్యారిస్ అంతా కంప్యూటర్ పూతలా కనిపిస్తుంది. కాళ్ల కింద నేల తగలదు. విడోక్ నిజమైన మనిషే అయినా, అతని వెనక జవాబు దొరకని కేసు లేదు. ఫ్రోన్సాక్ కల్పితమే అయినా, అతని వెనక వంద సమాధులు ఉన్నాయి.

డబ్బు లెక్క కూడా అడ్డొచ్చింది. ఫ్రెంచ్ భాషలో తీసిన భారీ యాక్షన్‌కు బయటి మార్కెట్ పరిమితం. అందుకే లుక్ బెసోన్ లాంటి నిర్మాతలు తర్వాతి ఏళ్లలో యాక్షన్‌ను ఇంగ్లీషులోకి మార్చేశారు. గాన్స్ కూడా 2006లో 'సైలెంట్ హిల్' కోసం ఉత్తర అమెరికా వెళ్లాడు. 2014లో ఫ్రెంచ్‌కు తిరిగొచ్చి, వెన్సాన్ కాసెల్‌తోనే 'బ్యూటీ అండ్ ద బీస్ట్' కథ తీశాడు. మృగం ఉంది, కోట ఉంది, అంతకన్నా మెరుగైన గ్రాఫిక్స్ ఉన్నాయి. కానీ అది తారీఖు లేని పిట్టకథ. జెవోదాన్ నాటి ఊపు దానికి రాలేదు.

మరో వైపు నుంచి కూడా పరీక్ష జరిగింది. 2023లో 'త్రీ మస్కటీర్స్' రెండు భాగాలుగా, కలిపి 7 కోట్ల యూరోలకు పైగా ఖర్చుతో వచ్చింది. అందులో అథోస్ వేషం కాసెల్‌దే. 2024లో అదే నిర్మాత తీసిన 'కౌంట్ ఆఫ్ మాంటె క్రిస్టో' ఫ్రాన్స్‌లో 90 లక్షలకు పైగా టికెట్లు అమ్మింది. అంటే దుస్తులు, గుర్రాలు, కత్తులు ఉన్న సినిమాకు అక్కడ మార్కెట్ చచ్చిపోలేదు, పెరిగింది. కానీ రెండూ ప్రసిద్ధ ఫ్రెంచ్ రచయిత అలెగ్జాండర్ ద్యూమా నవలలు, అందరికీ ముందే తెలిసిన కథలు. కోట్ల యూరోలు పెట్టేవారికి అది బీమా. పేరున్న నవల లేని, ముగింపు తెలియని ఒక కొండ ప్రాంతపు కేసు మీద అంత డబ్బు పెట్టే ధైర్యం ఈ కొత్త కెరటంలో ఇంకా కనిపించలేదు. ఆ ధైర్యం 2001లో వచ్చిందంటే, చెల్లించింది ఎక్కువగా టీవీ డబ్బు కావడం, నమ్మింది ఒక మాజీ ఫ్యాన్ మ్యాగజీన్ ఎడిటర్ కావడం రెండూ కారణాలే.